76 ఏళ్ల అమ్మకి గుండె లయ తప్పిందన్నారు, రక్తం పలచబడే మాత్ర వేయాలా వద్దా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలుస్తుంది. మీ అమ్మగారికి 76 ఏళ్లు, బరువు 52 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీల పనితనం చెప్పే రక్తపరీక్ష) 1.1. చాలా ఏళ్లుగా బీపీ ఉంది. తెనాలిలో ఒంటరిగా ఉంటారు. ఇంట్లో బీపీ మెషిన్ మీద గుండె బొమ్మ పదే పదే వెలుగుతుంటే ఈసీజీ తీయించారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని చెప్పి, రక్తం పలచబడే అపిక్సబాన్ 5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, గుండె వేగం తగ్గించే మెటోప్రొలోల్ ఒకటి రాశారు. ఈ ఏడాది ఆవిడ రెండుసార్లు బాత్రూం దగ్గర పడ్డారు. అందుకే మీ మామయ్యగారు "ఈ వయసులో రక్తం పలచబడే మాత్రలు ప్రమాదం, ఆస్పిరిన్ చాలు" అంటున్నారు. ఆవిడకేమో ఏ బాధా లేదు. లయ సరైపోయాక మాత్ర ఆపొచ్చా, సంక్రాంతి తర్వాత డాలస్ తీసుకెళ్లొచ్చా అనేవి మీ మిగతా ప్రశ్నలు.

సూటి జవాబు: అపిక్సబాన్ ఆపకండి. ఆస్పిరిన్ దానికి బదులు కాదు. మీరు చెప్పిన వివరాలను బట్టి రాసిన డోసు కూడా సరిగ్గానే ఉంది. లయ సరైనా ఆ మాత్ర దాదాపుగా కొనసాగించాల్సిందే. పడటం గురించి మాత్రం తప్పకుండా పట్టించుకోవాలి, దానికి వేరే కారణం కూడా ఉండొచ్చు. ప్రయాణం చేయొచ్చు.

నేను జనరల్ ఫిజీషియన్‌ని, జిల్లా కేంద్రంలో చాలా ఏళ్లుగా పెద్దవాళ్లనే ఎక్కువగా చూస్తున్నాను. మీ అమ్మగారిని నేను పరీక్షించలేదు కాబట్టి చివరి మాట ఆవిడని చూస్తున్న డాక్టరుగారిదే. కానీ మీ మామయ్యగారు అన్న మాట నేను వారానికోసారైనా వింటాను. ప్రేమతోనే అంటారు, అయితే దాని వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మామూలుగా గుండె కొట్టుకోవడానికి కరెంటు పై గదుల్లో ఒక చోట పుట్టి, పద్ధతిగా కిందికి వస్తుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (ఇకనుంచి ఏఎఫ్ అంటాను) పై గదుల్లో నిమిషానికి 350 నుంచి 600 దాకా అడ్డదిడ్డంగా కరెంటు పుడుతుంది. పై గదులు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి. ఆ కరెంటు దెబ్బల్లో కొన్ని మాత్రమే కింది గదులకు చేరతాయి, అవీ ఒక వరస లేకుండా. అందుకే నాడి చూస్తే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ పొంతన ఉండదు. వయసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో 80 దాటినవాళ్లలో పదిమందిలో ఒకరికి దగ్గరగా ఉంది. దశాబ్దాల బీపీ వల్ల పై గదులు సాగిపోవడం దీనికి పెద్ద కారణం.

వణుకు వల్ల వచ్చే దడ, ఆయాసం ఒక ఎత్తు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఎడమ పై గదికి పక్కన చిన్న సంచిలాంటి భాగం ఉంటుంది. గది ముడుచుకోనప్పుడు అందులో రక్తం నిలబడిపోతుంది. తోడు వేసిన పాలు కదపకుండా ఉంచితే తోడుకున్నట్టు అక్కడ రక్తం గడ్డ కడుతుంది. రుమాటిక్ వాల్వు జబ్బు (కీళ్లజ్వరం వల్ల గుండె కవాటం చెడిపోవడం) లేనివాళ్లలో ఏఎఫ్ గడ్డల్లో పదికి తొమ్మిది ఆ సంచిలోనే దొరుకుతాయి. ఆ గడ్డ ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం. ఏఎఫ్ ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లు అవుతుందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1991లోనే చూపించింది. పైగా గుండె నుంచి వచ్చే గడ్డ పెద్దది కాబట్టి ఆ పక్షవాతమూ పెద్దదే అవుతుంది. మాట, నడక రెండూ పోయి మంచాన పడ్డవాళ్లలో చాలామంది ఈ రకం వాళ్లే.

"ఏ బాధా లేదు కదా" అన్నారు. దడ ఉందా లేదా అన్నదానికీ గడ్డ కట్టడానికీ సంబంధం లేదు. ఏఎఫ్ ఉన్న సంగతి మొదటిసారి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు బయటపడినవాళ్లని చాలామందిని చూశాను. మీ అమ్మగారికి బీపీ మెషిన్ మీద గుర్తు చూసి ముందే బయటపడింది. అది మీ అదృష్టం, దాన్ని వాడుకోండి.

మాత్ర ఎవరికి అవసరమో చెప్పడానికి ఒక స్కోరు ఉంది, చాడ్స్‌-వాస్క్ అంటారు. 75 దాటితే 2, బీపీకి 1, షుగరుకి 1, హార్ట్ ఫెయిల్యూర్‌కి 1, ఇంతకు ముందు పక్షవాతం వస్తే 2, రక్తనాళాల జబ్బుకి 1, ఆడవాళ్లకి 1. వయసు 65 నుంచి 74 మధ్యలో ఉంటే 2 బదులు 1. మీ అమ్మగారికి వయసు 2, బీపీ 1, స్త్రీ 1, మొత్తం 4. 2024లో యూరప్ కార్డియాలజీ వాళ్లు ఆడవాళ్లకిచ్చే పాయింటు తీసేశారు, అలా చూసినా 3. కొత్త లెక్కలో 2, ఆపైన ఉంటే రక్తం గడ్డకట్టకుండా మాత్ర ఇవ్వాలన్నదే సలహా. అంటే ఏ లెక్కలో చూసినా ఆవిడ అటో ఇటో అనే చోట లేరు. వయసు ఈ మాత్ర వద్దనడానికి కారణం కాదు, కావాలనడానికి ఉన్న పెద్ద కారణం.

ఇప్పుడు ఆస్పిరిన్ సంగతి. ఆస్పిరిన్ పనిచేసేది ప్లేట్‌లెట్ల మీద. గుండెపోటు వచ్చినవాళ్లకి, స్టెంటు వేసినవాళ్లకి అది మంచి మందే. ఏఎఫ్‌లో కట్టే గడ్డ వేరే రకం, అక్కడ దాని బలం చాలదు. రక్తం పలచబడే పాత మందు వార్ఫరిన్ లాంటిది ఏఎఫ్‌లో పక్షవాతాన్ని సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తే, ఆస్పిరిన్ ఐదో వంతు తగ్గించడమే గగనం. 2011లో అవెర్రోస్ అనే ట్రయల్‌లో వార్ఫరిన్ పనికిరాదనుకున్నవాళ్లకి అపిక్సబాన్, ఆస్పిరిన్ పోల్చి చూశారు. ఏడాదికి వంద మందిలో పక్షవాతం లేదా వేరే అవయవానికి గడ్డ వెళ్లడం ఆస్పిరిన్ మీద 3.7, అపిక్సబాన్ మీద 1.6. పెద్ద రక్తస్రావం 1.2, 1.4, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ మామయ్యగారికి ఈ నాలుగు అంకెలు చూపించండి. ఆస్పిరిన్ "సేఫ్" అనుకుని వేస్తే రక్తస్రావం ముప్పు దాదాపు అంతే ఉంటుంది, రక్షణ మాత్రం చాలా తక్కువ. 75 దాటినవాళ్ల మీదే ఇంగ్లండ్‌లో చేసిన బాఫ్టా ట్రయల్‌లో (2007) కూడా వార్ఫరిన్‌తో పక్షవాతాలు ఆస్పిరిన్ కంటే సగానికి తగ్గాయి, రక్తస్రావాలు పెరగలేదు.

ఆస్పిరిన్, అపిక్సబాన్ రెండూ కలిపి వేయడం ఇంకా చెడ్డది. ఎప్పట్నుంచో వాడుతున్న ఆస్పిరిన్ డబ్బా ఇంట్లో ఉంటే, స్టెంటు లాంటి కారణం లేకపోతే, డాక్టరుగారిని అడిగి దాన్ని ఆపించండి. చాలా ఇళ్లలో కొత్త చీటీలోది, పాత చీటీలోది రెండూ వేసేసుకుంటుంటారు.

డోసు గురించి. అపిక్సబాన్ 5 నుంచి 2.5 మి.గ్రా.కి తగ్గించడానికి మూడు విషయాలు చూస్తారు: వయసు 80 లేదా ఎక్కువ, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువ. వీటిలో రెండు ఉంటే తగ్గించాలి. మీ అమ్మగారికి ఒకటే ఉంది, బరువు. కాబట్టి 5 మి.గ్రా. రెండుసార్లే సరి. "పెద్దావిడ, సన్నగా ఉంది, సగం వేద్దాం" అని సొంతంగా తగ్గిస్తే రక్షణ కూడా తగ్గుతుంది. 80 నిండాక మాత్రం మళ్లీ అడగండి, అప్పుడు డోసు మారుతుంది.

కిడ్నీల మాట కూడా ఇక్కడే చెప్పాలి. రిపోర్టులో క్రియాటినిన్ 1.1 అని చూసి "నార్మల్" అనుకుంటారు. పెద్దవాళ్లలో కండ తక్కువ కాబట్టి ఆ అంకె మోసం చేస్తుంది. 140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించాలి. ఆడవాళ్లకి వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. మీ అమ్మగారికి 64 × 52 అంటే 3328, దాన్ని 79.2తో భాగిస్తే 42, 0.85తో గుణిస్తే సుమారు 36. అంటే కిడ్నీ పనితనం బాగానే తగ్గింది. అపిక్సబాన్‌కి ఈ అంకెతో ఇబ్బంది లేదు. ఇదే రకం మాత్ర రివరోక్సబాన్ అయితే 20 బదులు 15 మి.గ్రా. ఇవ్వాల్సి వచ్చేది. డాబిగాట్రాన్ అనే ఇంకో మాత్ర ఎక్కువగా కిడ్నీ ద్వారానే పోతుంది, ఈవిడకి నేనైతే దాన్ని ఎంచుకోను. ఆ అంకెని పదితో భాగిస్తే ఎన్ని నెలలకోసారి కిడ్నీ పరీక్ష చేయించాలో వస్తుంది. ఈవిడకి మూడు, మూడున్నర నెలలకోసారి. ఎండాకాలం విరేచనాలు పట్టుకున్నా, జ్వరంతో తిండి మానేసినా వెంటనే చూడాలి.

ఇక పడటం. ఇది మీరు అడిగినదానికంటే ముఖ్యమైన విషయం, దయచేసి జాగ్రత్తగా చదవండి.

ఆవిడ జారిపడ్డారా, కళ్లు చీకట్లు కమ్మి పడ్డారా? ఫోన్లో కాకుండా ఎవరైనా పక్కన కూర్చుని నిదానంగా అడగాలి. "కాలు జారిందమ్మా" అని పెద్దవాళ్లు సులువుగా అనేస్తారు. కాలు జారినవాళ్లకి ఎలా జారిందో గుర్తుంటుంది, చేయి అడ్డం పెడతారు. స్పృహ తప్పి పడినవాళ్లకి పడటం గుర్తుండదు, లేచి చూసేసరికి కింద ఉంటారు, ముఖానికి దెబ్బ తగులుతుంది. ఏఎఫ్ ఉన్న కొందరు పెద్దవాళ్లలో గుండె కాసేపు వేగంగా కొట్టుకుని, అది ఆగి మామూలు లయకి మారే క్షణంలో మూడు నాలుగు సెకన్లు ఏమీ కొట్టుకోదు. ఆ ఖాళీలో కళ్లు తిరుగుతాయి. ఇలాంటివాళ్లకి మెటోప్రొలోల్ పెంచితే ఆ ఖాళీలు ఇంకా పెరగొచ్చు. నా దగ్గరికి ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పి వల్ల పడుతున్నానని వచ్చేవారు. 24 గంటలూ గుండె లయని నమోదు చేసే హోల్టర్ పెట్టిస్తే రాత్రిపూట పొడుగాటి ఖాళీలు కనిపించాయి. పేస్‌మేకర్ పెట్టించుకున్నాక పడటం ఆగింది, దడకి కావలసిన మందు కూడా ధైర్యంగా ఇవ్వగలిగాం. కాబట్టి మీ అమ్మగారికి హోల్టర్ చేయించారా అని అడగండి. చేయించకపోతే చేయించండి.

ఇంకొకటి, పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన ఒకటి, మూడు నిమిషాలకి మళ్లీ బీపీ చూడాలి. పై అంకె 20 పాయింట్లు పడిపోతే బీపీ మాత్రల సంగతి ఆలోచించాలి. ఇవేమీ కాక నిజంగా జారడమే అయితే బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు, జారని మ్యాట్, రాత్రంతా చిన్న లైటు, మంచం దిగేముందు కాసేపు కూర్చోవడం. ఇవన్నీ చేసినా ఇంకోసారి పడొచ్చు. అందుకని మాత్ర ఆపాలా అంటే, 1999లో కెనడా డాక్టర్లు ఇదే ప్రశ్నకి లెక్క వేశారు. అపిక్సబాన్ కంటే మెదడులో రక్తస్రావం ఎక్కువగా తెచ్చే వార్ఫరిన్‌తోనే, ఒక మనిషి ఏడాదికి సుమారు 295 సార్లు పడితే తప్ప మాత్ర నష్టం లాభాన్ని మించదని తేలింది. అది లెక్కే, నిజ జీవితం కొంచెం వేరుగా ఉండొచ్చు, కానీ ఆవిడ రెండుసార్లకీ ఆ అంకెకీ ఉన్న దూరం చూడండి. అయితే ఒక నియమం పెట్టుకోండి: తలకి దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా సరే, అదే రోజు సీటీ తీయించాలి.

మాత్ర వద్దనడానికి నిజమైన కారణాలు లేకపోలేదు. ఇటీవల మెదడులో రక్తస్రావం జరిగినవాళ్లు, కడుపులో పుండు నుంచి రక్తం కారుతున్నవాళ్లు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లు, లివరు బాగా చెడిపోయినవాళ్లు వేరు. హిమోగ్లోబిన్ తక్కువుంటే ఎందుకు తక్కువుందో ముందు కనుక్కోవాలి. మాత్ర ఎప్పటికీ పడనివాళ్లకి ఎడమ పై గది సంచిని చిన్న పరికరంతో మూసేసే పద్ధతి పెద్ద ఊళ్లలో ఉంది. చాలా ఖర్చు, మీ అమ్మగారికి ఇప్పుడు దాని అవసరం కనబడటం లేదు.

అందరికీ అపిక్సబానే అని కూడా నేను అనడం లేదు. మన ప్రాంతంలో చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె మైట్రల్ వాల్వు సన్నబడినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లకీ, లోహపు వాల్వు వేయించుకున్నవాళ్లకీ అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలు పనికిరావు. వార్ఫరిన్ లేదా అసెనోకుమరాల్ వేసుకుని ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూసుకుంటూ ఉండాల్సిందే. రుమాటిక్ వాల్వు ఉన్నవాళ్ల మీద చేసిన ఇన్విక్టస్ ట్రయల్‌లో (2022) రివరోక్సబాన్ వేసుకున్నవాళ్లలో మరణాలు ఎక్కువయ్యాయి. అందుకే ఎకో (గుండె స్కాన్) తీయకుండా ఏ మాత్రో తేల్చకూడదు. మీ సందేశంలో ఎకో మాట లేదు, తప్పక అడగండి. అలాగే చాలా ఏళ్లుగా వార్ఫరిన్ మీద ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య నిలకడగా ఉన్న బలహీనమైన పెద్దవాళ్లని, కొత్తది వచ్చిందని మార్చేయకండి. నెదర్లాండ్స్‌లో అలా మార్చి చూస్తే (ఫ్రెయిల్-ఏఎఫ్, 2023) రక్తస్రావాలు పెరిగాయి. వార్ఫరిన్ వాళ్లకి ఆకుకూరలు మానేయమని చెప్పేవాళ్లుంటారు. గోంగూర, తోటకూర, పాలకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఒక వారం అసలు తినక, ఇంకో వారం రోజూ తింటే ఐఎన్‌ఆర్ తలకిందులవుతుంది. అపిక్సబాన్‌కి ఈ పట్టింపు లేదు, మీ అమ్మగారిని కడుపునిండా తిననివ్వండి.

ఇక గుండె వేగం. మెటోప్రొలోల్ పని లయ సరిచేయడం కాదు, వేగం తగ్గించడం. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 110 లోపు ఉంటే, ఆయాసం లేకపోతే చాలామందికి సరిపోతుందని 2010లో వచ్చిన రేస్-2 ట్రయల్ చెప్పింది. 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా డాక్టరుగారికి చెప్పాలి. ఈ మాత్ర ఉన్నట్టుండి ఆపితే గుండె ఒక్కసారిగా పరిగెడుతుంది. కొంతమందికి డిగాక్సిన్ కూడా ఇస్తారు. కిడ్నీ తగ్గినవాళ్లలో అది ఒంట్లో పేరుకుపోతుంది, అన్నం సయించకపోవడం, వికారం మొదలైతే అనుమానించాలి.

లయనే సరిచేయొచ్చా? చేయొచ్చు. మందులతో, షాక్ ఇచ్చి, లేదా అబ్లేషన్‌తో (తీగ పంపి లోపల అల్లరి మొదలయ్యే చోటును పనిచేయకుండా చేయడం). ఎడమ పై గదిలోకి వచ్చే ఊపిరితిత్తుల సిరల దగ్గర ఈ అల్లరి మొదలవుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు కనిపెట్టాక అబ్లేషన్ పెరిగింది. ఏఎఫ్ బయటపడిన ఏడాది లోపే లయ సరిచేసే ప్రయత్నం మొదలుపెడితే మేలని 2020లో వచ్చిన ఈస్ట్ ట్రయల్ చూపించింది. అందుకని ఒకసారి కార్డియాలజిస్టుతో ఈ మాట మాట్లాడండి, ముఖ్యంగా ఆయాసం ఉంటే. ఏ ఇబ్బందీ లేని 76 ఏళ్ల మనిషికి అమియోడరోన్ లాంటి మందు ఏళ్ల తరబడి ఇవ్వడానికి మాత్రం నేను తొందరపడను. థైరాయిడ్, ఊపిరితిత్తులు, లివరు మూడింటినీ కనిపెట్టుకుని ఉండాలి. షాక్ ఇవ్వాలంటే ముందు మూడు వారాలు, తర్వాత కనీసం నాలుగు వారాలు రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర తప్పదు. అది వేసుకోనివాళ్లకి ఆహారనాళం ద్వారా ఎకో చేసి గడ్డ లేదని చూసుకుంటారు.

మీ ప్రశ్నకి వస్తే, లయ సరయ్యాక మాత్ర ఆపడం గురించి 2002లో అఫర్మ్ అనే ట్రయల్ (4,060 మంది మీద) మంచి పాఠం నేర్పింది. లయ సరిచేసిన గుంపులో వచ్చిన పక్షవాతాల్లో ఎక్కువ భాగం వార్ఫరిన్ ఆపేసినవాళ్లకి లేదా ఐఎన్‌ఆర్ చాలనివాళ్లకి వచ్చాయి. ఈసీజీ బాగుందనే కారణంతో మాత్ర ఆపకూడదు. ఏఎఫ్ వచ్చి పోతూ ఉంటుంది, మధ్యలో ఎన్నిసార్లు వచ్చిందో మనిషికి తెలియదు.

కొందరిలో మూలం వేరే ఉంటుంది, దాన్ని సరిచేస్తే లయ కూడా తిరిగి రావొచ్చు. చేతులు వణుకుతూ, బరువు తగ్గి, దడతో వచ్చిన ఒక అమ్మగారికి థైరాయిడ్ ఎక్కువైందని టీఎస్‌హెచ్‌లో తేలింది. దానికి మందు వాడాక కొన్ని నెలల్లో లయ మామూలైంది. కాబట్టి టీఎస్‌హెచ్, పొటాషియం, హిమోగ్లోబిన్, షుగరు ఒక్కసారైనా చూడాలి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకి స్లీప్ ఆప్నియా, మగవాళ్లలో మద్యం అలవాటు కూడా కారణాలే. బీపీ అదుపులో ఉండటం అన్నిటికంటే ముఖ్యం, దాని వల్ల మెదడులో రక్తస్రావం ముప్పు కూడా తగ్గుతుంది. ఏఎఫ్‌లో బీపీ మెషిన్ ఒక్క రీడింగు నమ్మొద్దు. మూడుసార్లు చూసి సగటు తీసుకోండి.

ఇది చదివి తమ బీపీ మెషిన్ మీద గుర్తు చూసి కంగారుపడేవాళ్లకి ఒక మాట. ఆ గుర్తు వెలిగినంత మాత్రాన ఏఎఫ్ కాదు. చేయి కదిలినా వెలుగుతుంది, అక్కడక్కడా ఒక దెబ్బ ముందే పడే ఎక్టోపిక్స్‌కీ వెలుగుతుంది. ఎక్టోపిక్స్ పెద్దవాళ్లలో మామూలే, గుండె బాగుంటే చాలామందికి ఏ మందూ అక్కర్లేదు. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు పెట్టి పూర్తి నిమిషం నాడి చూడండి. వరసగా కొట్టి మధ్యలో ఒకటి తప్పితే ఎక్టోపిక్ కావచ్చు. అసలు వరసే లేకపోతే ఏఎఫ్ అనుమానించాలి. స్మార్ట్ వాచ్ చెప్పినా అంతే. తేల్చేది మాత్రం ఈసీజీనే.

మీ అమ్మగారు ఒంటరిగా ఉంటారు కాబట్టి రోజువారీ విషయాలు కొన్ని. నా అనుభవంలో రక్తస్రావాలు ఎక్కువగా వచ్చేది ఈ మాత్ర ఒక్కదాని వల్ల కాదు, దీనితోపాటు వేసుకున్న నొప్పి మాత్రల వల్ల. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ అడిగి తెచ్చుకుంటారు. అవి వద్దు. నొప్పికి పారాసెటమాల్, పైపూత, కాపడం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర పిరుదుకి నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని అక్కడ రక్తం గూడుకట్టి వచ్చినవాళ్లున్నారు. పేరు లేని పొడులు, కీళ్ల కషాయాలు కూడా అంతే, వాటిలో ఏం కలిపారో తెలియదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజపైన్ అపిక్సబాన్ బలాన్ని తగ్గించేస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఈ మాత్ర పేరు చెప్పాలి. ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టండి.

రెండో ప్రమాదం మధ్యలో ఆపడం. పన్ను పీకించుకోవాలని రెండు వారాలు మాత్ర మానేసి, పన్ను బాగుపడ్డాక పక్షవాతంతో వచ్చిన రైతుని నేను మరచిపోలేను. పన్ను పీకడానికి, శుక్లాల ఆపరేషన్‌కి చాలాసార్లు అసలు ఆపక్కర్లేదు, లేదా ఒక డోసు సర్దితే చాలు. పెద్ద ఆపరేషన్‌కైనా కొన్ని రోజులే. ఎన్ని రోజులో మాత్ర రాసిన డాక్టరుగారిని అడిగి రాయించుకోండి. అపిక్సబాన్ ప్రభావం ఒక రోజులోనే దిగిపోతుంది, పండగ హడావుడిలో స్ట్రిప్ అయిపోతే రక్షణ లేనట్టే. ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల నిల్వ ఉంచండి. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో ఉదయం, రాత్రి విడిగా సర్దిపెట్టి, వీడియో కాల్‌లో ఖాళీ గళ్లు చూడండి. ఒక పూట మరచిపోతే ఆరు గంటల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే వదిలేసి తర్వాతిది మామూలుగా వేసుకోవాలి. రెండు కలిపి వేయకూడదు. జనరిక్ కంపెనీలు వచ్చాక ధరలు బాగా తగ్గాయి. ఖర్చు వల్ల మానేయాలనిపిస్తే మానకుండా డాక్టరుగారికి చెప్పండి, తక్కువ ధరది రాస్తారు.

నల్లగా తారులాంటి విరేచనం (ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగా వస్తుంది, అది వేరు), మూత్రంలో రక్తం, పది నిమిషాలు గట్టిగా నొక్కినా ఆగని ముక్కు రక్తం, ఎప్పుడూ లేని తలనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకర, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా 108. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే సమయం. చివరి అపిక్సబాన్ ఎన్ని గంటలకి వేసుకున్నారో తప్పక చెప్పాలి, అది తెలియకుండా ఆ ఇంజెక్షన్ ఇవ్వరు. ఇవ్వలేకపోయినా పెద్ద నాళంలో ఉన్న గడ్డని తీగతో లాగేసే చికిత్స ఉంటుంది. పక్కింటివాళ్లకి కూడా ఈ మూడు లక్షణాలు నేర్పండి, ఎందుకంటే ఆ సమయంలో ఆవిడ ఫోన్ చేయలేకపోవచ్చు.

డాలస్ ప్రయాణం. హోల్టర్, ఎకో అయిపోయి, వేగం అదుపులో ఉంటే నాకు అభ్యంతరం లేదు. మాత్రలు చెక్-ఇన్ సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో ఉండాలి, ఉండబోయే నెలలకి ఇంకో నెల కలిపి. చీటీ మీద బ్రాండు పేరుతోపాటు మందు అసలు పేరు రాయించండి, ఇక్కడి బ్రాండ్లు అక్కడ దొరకవు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఏఎఫ్ ఉన్నట్టు దాచకుండా రాసి, పాత జబ్బులకి ఎంతవరకు వర్తిస్తుందో చదవండి. ఈసీజీ, ఎకో రిపోర్టులు ఫోన్‌లో ఉంచుకోండి. విమానంలో గంట గంటకీ లేచి నడవడం, నీళ్లు తాగడం ఎలాగూ ఉంటాయి. మాత్ర వేళల గురించి కంగారు అక్కర్లేదు. చలికాలంలో డాలస్‌కీ మనకీ తేడా పదకొండున్నర గంటలు. తెనాలిలో ఉదయం 8కి వేసుకునే మాత్ర అక్కడ రాత్రి 8:30కి, ఇక్కడ రాత్రి 8కి వేసుకునేది అక్కడ ఉదయం 8:30కి పడుతుంది. కాబట్టి దారి పొడవునా మన టైమే పెట్టుకున్న వాచీ ఒకటి ఆవిడ చేతికి కట్టి, దాని ప్రకారమే వేసుకోమనండి.